హింజ్ డేటింగ్ యాప్‌ల కలిసినం అని ఇంట్ల చెప్పాల్నా, లేకపోతే కామన్ ఫ్రెండ్ కథనే నడిపియ్యాల్నా?

కరీంనగర్_పోరడు:

అన్నలు, అక్కలు, కొంచెం పెద్ద పోస్టే, ఓపికతోని చదవుండ్రి. నాకు 29, గచ్చిబౌలిల సాఫ్ట్‌వేర్ జాబ్, సొంతూరు కరీంనగర్ పక్కన. పోయినేడు హింజ్‌ల ఒక అమ్మాయి పరిచయమైంది, వాళ్ళది భీమవరం సైడు, తను కొండాపూర్‌ల పీజీల ఉంటది. ముందు ఊకె చాటింగ్, తర్వాత కలిసినం, తర్వాత సీరియస్ అయింది, ఇప్పుడు ఇద్దరం పెండ్లి చేసుకుందామని ఫిక్స్. కులం వేరు. ఆ ముచ్చట ఇంట్ల ఆల్రెడీ చెప్పిన. నాన్న వారం రోజులు నాతోని మాట్లాడలె, టీవీ సౌండ్ పెంచుకొని కూసున్నడు, అమ్మ ఏడ్చింది, మా అక్క నడుమల వడి మొత్తానికి ఒక దారికి తెచ్చింది. వచ్చే నెల వాళ్ళ అమ్మానాన్న హైదరాబాద్ వస్తున్నరు, రెండు ఇండ్లోళ్ళు కూసొని మాట్లాడుకుంటరట.

ఇప్పుడు లొల్లి ఏందంటే అమ్మ రోజు ఫోన్‌ల ఒకటే అడుగుతాంది, "ఎట్ల పరిచయం రా మీకు? ఒక్క ఆఫీసు కాదు, ఒక్క కాలేజీ కాదు, ఒక్క ఊరు కాదు, యాడ దొరికింది ఈ పిల్ల?" అని. నేను "వచ్చినంక చెప్తా" అని దాటేస్తున్న.

మా గ్యాంగ్‌ల అందరు "కామన్ ఫ్రెండ్ పెండ్లిల కలిసినం అని చెప్పు, అయిపాయె" అంటున్నరు. మా గ్యాంగ్‌లనే ఒకడున్నడు, వాడు ఇప్పటికి మూడు జంటలకు కామన్ ఫ్రెండ్, మూడు పెండ్లిళ్ళల్ల అత్తగారోళ్ళు వాన్ని పట్టుకొని "నీ వల్లనే బాబు" అని బట్టలు పెట్టిన్రు. నిజానికి వాడు ఆ జంటల్ల ఎవలికి ఎవలిని పరిచయం చెయ్యలె, అందరు యాప్‌లనే కలిసిన్రు.

నాకు మాత్రం మండేది ఏందంటే అమ్మనే రెండేండ్ల కింద మ్యాట్రిమోనీ యాప్‌ల నా ప్రొఫైల్ పెట్టింది, నాకు చెప్పకుంట. ముఖం తెలవనోళ్ళకు నా నంబర్, నా జీతం, నా జాతకం అన్ని పంపింది. పైన వినాయకుని బొమ్మ, కింద "ఆస్తి: 2 ఎకరాలు, హైదరాబాదులో ప్లాటు" అని బయోడేటా పీడీఎఫ్. ఆ ప్లాటు మాకు ఇంక రిజిస్ట్రేషన్ గుడ కాలె. అది యాప్ కాదా మరి? అది పెడితె సంస్కారం, నేను పెట్టుకుంటె తిరుగుడా?

నిజం చెప్పుమంటరా, కథ చెప్పుమంటరా? చెప్పినోళ్ళు ఎవలన్న ఉంటె ఏమైందో రాయుండ్రి.

---

తెనాలి_కుర్రోడు:

నిజం చెప్పెయ్ బాసూ, భయం దేనికి. మా ఇంట్లో చెప్పేశాను, ఒక రెండ్రోజులు గొణిగారు, తర్వాత మా నాన్నే పక్కింటి అంకుల్‌కి "మావాడు ఆన్‌లైన్‌లో చూసుకున్నాడండీ" అని చెప్పుకున్నాడు. ఆన్‌లైన్ అంటే వాళ్ళకి మ్యాట్రిమోనీయే అనుకో, నేను సరిచెయ్యలేదు.

అసలు రెండూ వేరు అనుకోవడమే కామెడీ. జీవన్‌సాథీ మ్యాట్రిమోనీ సైటు నడిపేది ఇన్ఫో ఎడ్జ్ కంపెనీ కదా, అదే కంపెనీ 2022లో ఐల్ అనే డేటింగ్ యాప్‌లో మెజారిటీ వాటా కొనేసింది. ఆ ఐల్ వాళ్ళే మనోళ్ళ కోసం "నీతో" అని తెలుగు యాప్ కూడా వదిలారు, అంతకుముందు మలయాళంలో "అరికే" పెట్టారు. అంటే అమ్మానాన్నలు డబ్బులు కట్టేదీ, పిల్లలు కట్టేదీ చివరికి ఒకే గల్లాపెట్టెలోకి. ఇంక నీకు సిగ్గెందుకు.

టిండర్ డేటింగ్ యాప్ వాడు 2016లో ఇక్కడ ఆఫీస్ తెరిచిన కొత్తలో ఒక యాడ్ చేశాడు, గుర్తుందా ఎవరికైనా? కూతురు రెడీ అయ్యి డేట్‌కి వెళ్తుంటే వాళ్ళమ్మ చూసి నా తరఫున రైట్ స్వైప్, అంటే నాకు ఓకే, అంటుంది. అప్పట్లో జనం పడీపడీ నవ్వారు, ఏ ఇంట్లో ఉందిరా ఇలాంటి అమ్మ అని. ఇప్పటికీ లేదులే, అది వేరే విషయం.

---

బెజవాడ_అమ్మాయి:

పై రిప్లై చదివి నవ్వొచ్చింది. నువ్వు అబ్బాయివి కాబట్టి రెండ్రోజులు గొణిగి ఊరుకున్నారు బ్రో. అదే వార్త అమ్మాయి ఇంట్లో ఎలా వినపడుతుందో తెలుసా?

పోస్ట్ పెట్టినాయనకి ఒక్కటే అడుగుతున్నా, అసలు ఆ అమ్మాయిని అడిగావా? మీ అమ్మకి ఏం చెప్పాలో ఊరంతా అడుగుతున్నావు కానీ ఆ సమాధానం నీ ఒక్కడిది కాదు కదా. నువ్వు నిజాయితీపరుడివి అయిపోయి మీ అమ్మకి చెప్తావు, మీ అమ్మ మీ పిన్నికి చెప్తుంది, సంబంధం మాట్లాడ్డానికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు "అమ్మాయి యాప్‌లో ఉండేదంట కదా" అని నోరుజారతారు, అంతే, అక్కడ వాళ్ళ నాన్న తల దించుకుంటాడు. అబ్బాయి యాప్‌లో ఉంటే "కుర్రాడు, ఏదో ట్రై చేశాడు". అమ్మాయి ఉంటే "ఇంకెంతమందితో మాట్లాడిందో". పెళ్ళయ్యి పదేళ్ళయినా ఏదైనా గొడవ వచ్చినప్పుడు అత్తగారి నోట్లోంచి మొదట బయటికొచ్చేది ఇదే.

యాప్‌లో ఉండటం అంటే మాకేదో సరదా అనుకుంటారు. ఒకసారి అమ్మాయి ఫోన్ తీసి చూడండి. ప్రొఫైల్ పెట్టిన సాయంత్రానికే లైకులు గుట్టలు గుట్టలు, తెరిస్తే "హాయ్", "తెలుగా?", "తిన్నావా?", "నంబర్ ఇవ్వు", రిప్లై ఇవ్వకపోతే "అంత పొగరా". వాటిల్లోంచి మనిషిలా మాట్లాడేవాణ్ణి ఏరుకోవాలి. తర్వాత వాడి లింక్డిన్ చూడాలి, వీడియో కాల్ చెయ్యాలి, పగటిపూట జనం ఉండే కేఫ్‌లోనే కలవాలి, రూమ్మేట్‌కి లైవ్ లొకేషన్ పెట్టాలి, అరగంట తర్వాత దానితో ఫోన్ చేయించుకోవాలి, వీడు తేడాగా ఉంటే "అర్జెంట్ కాల్" అని లేచిపోవడానికి. మా పీజీలో ఇది డ్యూటీ లాగా వంతులేసుకుని చేస్తాం. నిజం చెప్పాలంటే సంబంధాలు చూసే ఏ పెద్దమనిషీ ఇంత వెరిఫికేషన్ చెయ్యడు.

అలాగని మ్యాట్రిమోనీ గొప్పదని కాదు. షాదీ డాట్ కామ్‌లో 2020 దాకా ఒంటి రంగుని బట్టి వెతుక్కునే ఫిల్టర్ ఉండేది, ఆన్‌లైన్‌లో గొడవ చేసి పిటిషన్ పెడితే అప్పుడు తీశారు. ఫిల్టర్ పోయింది కానీ ఫోన్ చేసే ఆంటీలు ఎక్కడికీ పోలేదు, "ఫొటోలో ఉన్నంత రంగే ఉంటుందామ్మా" అని ఇప్పటికీ మా అమ్మని అడుగుతారు.

---

నైట్_షిఫ్ట్_బతుకు:

మీ పేరెంట్స్ భయం ఊరికే కాదు మామా. మాదాపూర్‌లో నాకే జరిగింది. యాప్‌లో మ్యాచ్ అయిన అమ్మాయి ఆ రోజే కలుద్దాం అంది, ప్లేస్ కూడా తనే చెప్పింది, ఏదో పబ్. అరగంటలో తనే వరసపెట్టి ఆర్డర్ చేసింది, మెనూ నా చేతికే రాలేదు, "అమ్మ ఫోన్ చేస్తోంది" అని బయటికెళ్ళింది, మళ్ళీ రాలేదు. బిల్లు చూస్తే నా నెల రెంట్ కంటే ఎక్కువ. ఇద్దరు బౌన్సర్లు టేబుల్ పక్కనే నిలబడ్డారు, కట్టి బయటపడ్డా. తర్వాత 2024లో సైబరాబాద్ పోలీసులు ఇలాంటి గ్యాంగ్‌నే పట్టుకున్నారని పేపర్లో చదివి, ఓహో ఇదొక బిజినెస్సా అనుకున్నా. కలుద్దాం అంటే ప్లేస్ మీరు చెప్పండి. డబ్బులు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యండి, సిగ్గుపడి ఊరుకోకండి, వాళ్ళ ధైర్యం మన సిగ్గే.

టాపిక్‌కి వస్తే, నేనైతే ఇంట్లో చెప్పను. చెప్తే మా నాన్న నా జీతం అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతాడు.

---

మాస్టారు_రాజమండ్రి:

బాబూ, నేను ఇక్కడ మీ అందరికంటే వయసులో పెద్దవాణ్ణి, హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. మా రెండో అమ్మాయి ఇలాగే యాప్‌లో పరిచయమైన అబ్బాయిని చేసుకుంది. అవతలి వైపు నుంచి నాలుగు మాటలు చెప్తాను, కోప్పడకండి.

మా భయం ఫోన్ గురించి కాదు నాయనా. మా కాలంలో పెళ్ళిళ్ళ పేరయ్య ఉండేవాడు, తర్వాత ఆదివారం పేపర్లో వధూవరుల ప్రకటనలు వచ్చాయి, ఆ తర్వాత కులసంఘాలవాళ్ళు కల్యాణమండపంలో పరిచయ వేదికలు పెట్టి స్టేజీ మీదకి పిల్లల్ని పిలిచి మైకులో జీతం చెప్పించేవారు, నంబర్లు వేసిన పుస్తకం కూడా అమ్మేవారు. తర్వాత కంప్యూటర్లో మ్యాట్రిమోనీ. ఎన్ని మారినా ఒకటి మారలేదు, మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. రేపు తేడా వస్తే "ఏమయ్యా, నువ్వు కదా చెప్పింది" అని వాడి ఇంటి గుమ్మం ముందు నిలబడొచ్చు. మ్యాట్రిమోనీలో సంబంధం చూసినా మేము చేసేది అదే, ఆ ఊళ్ళో మనకి తెలిసినవాడు ఎవడున్నాడా అని వెతికి, వాణ్ణి పంపి, వాళ్ళ వీధి చివర టీ కొట్టులో కూర్చోబెట్టి "ఫలానా వాళ్ళు ఎలాంటివాళ్ళండీ, అప్పులేమైనా ఉన్నాయా, కుర్రాడికి తాగుడుందా" అని వాకబు చేయించడం. టీ కొట్టువాడు అబద్ధం చెప్పొచ్చు, చాలాసార్లు చెప్తాడు కూడా. అయినా అడిగాం అనే తృప్తి ఒకటి ఉంటుంది.

మీ యాప్‌లో ఆ మధ్యమనిషి లేడు. మా అమ్మాయి చెప్పిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టనిది అందుకే. కుర్రాడు చెడ్డవాడని కాదు, రేపు ఏమన్నా అయితే నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని. కనక నా సలహా ఏమిటంటే, ఎక్కడ కలిశారో చెప్పే ముందు ఆ మధ్యమనిషిని సృష్టించండి. అబద్ధపు కామన్ ఫ్రెండ్‌ని కాదు, నిజమైన మనిషిని. ఆ అమ్మాయి తరఫు బాబాయో మేనమామో ఒకాయన్ని మీ నాన్నగారితో ఫోన్లో మాట్లాడించండి. మీ బాస్ నంబరు వాళ్ళ నాన్నగారికి ఇవ్వండి. వాకబు చేసుకోవడానికి వాళ్ళకి దారి ఇస్తే "యాప్" అన్నమాట సగం మెత్తబడుతుంది. మా అల్లుడు చేసింది అదే, మేము అడక్కుండానే వాళ్ళ ఊరి అడ్రసు, వాళ్ళ మేనమామ నంబరు పంపి "మీకు వీలైనప్పుడు కనుక్కోండి అంకుల్" అన్నాడు. నేను వెళ్ళి కనుక్కున్నాను కూడా, దాచడం ఎందుకు.

---

నల్గొండ_నుంచి:

మాస్టారు బాగా చెప్పిన్రు కానీ ఒకటి వదిలేసిన్రు. ఆ టీ కొట్టు కాడ మొదలు అడిగేది అప్పు, తాగుడు కాదు సార్. "వాళ్ళేంట్లు", అంటె ఏ కులం అనేది మొదటి ప్రశ్న.

యాప్‌ల గుడ అదే నడుస్తది. నాకు మ్యాచ్ అయినంక నాలుగో మెసేజో ఐదో మెసేజో "మీది ఏ ఊరు", తర్వాత "ఊర్లో ఎక్కడ", తర్వాత మెల్లగ "మీ ఇంటిపేరు ఏంటి". ఇంటిపేరు చెప్తె చానమందికి సమజైతది, కాకపోతె "వెజ్జా నాన్‌వెజ్జా" అని ఇంకో రూట్ల వస్తరు. చెప్పినంక రెండు గంటలల్ల అన్‌మ్యాచ్. బయోల మాత్రం "ట్రావెల్, డాగ్స్, ఓపెన్ మైండెడ్" అని ఉంటది. అందుకే మా దోస్తులు చానమంది యాప్‌ల ఉత్త పేరే పెడ్తరు, ఇంటిపేరు పెట్టరు.

మిర్యాలగూడల 2018ల దవాఖాన ముంగట కులం వేరని ప్రణయ్‌ను చంపించిన ముచ్చట మీకందరికి తెలుసు. ఆ కేసుల 2025 మార్చిల నల్గొండ కోర్టు ఒకనికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. 2022ల సరూర్‌నగర్‌ల నడిరోడ్డు మీద మతం వేరని ఇంకో హత్య. ఆ జంటలు యాప్‌ల కలిసినోళ్ళు కాదు, చిన్ననాటి నుంచి తెలిసినోళ్ళు, కాలేజీల తెలిసినోళ్ళు. ఇంట్లోళ్ళకు "ఎక్కడ కలిసిన్రు" అనేది అప్పుడు లెక్కల లేకుండె.

పోస్ట్ పెట్టిన తమ్మీ, నీది వేరే కులం అన్నవ్, అటు ఇటు ఒప్పుకున్నరు అన్నవ్. అంటె పెద్ద గండం దాటినవ్. ఇంక యాప్ ముచ్చట నువ్వు ఎట్ల చెప్పినా నడుస్తది.

---

కరీంనగర్_పోరడు:

అందరికి థ్యాంక్స్. బెజవాడ అక్క చెప్పినట్టు తనని అడిగిన. ఏమన్నదో వినుండ్రి, నాకంటె పదాకులు ఎక్కువ చదివింది. వాళ్ళ నాన్న గుడ తెలుగు మ్యాట్రిమోనీల తన ప్రొఫైల్ పెట్టిండట. "మీ అమ్మ పెట్టిన నీ ప్రొఫైల్ నుంచి మా నాన్న పెట్టిన నా ప్రొఫైల్‌కి ఇంట్రెస్ట్ పంపు, అప్పుడు అబద్ధం కూడా కాదు, మ్యాట్రిమోనీలో పరిచయం అని చెప్పొచ్చు" అన్నది. రాత్రి ఇద్దరం లాగిన్ అయ్యి చూస్తె ఎంత వెతికినా నాకు తను కనిపిస్తలేదు, తనకు నేను కనిపిస్తలేను. ఎందుకంటె రెండు ఇండ్లల్ల పార్ట్‌నర్ ప్రిఫరెన్స్‌ల సొంత కులం టిక్ పెట్టిన్రు. ఐడీ నంబర్ కొట్టి వెతికితె దొరికింది, కానీ ఇంట్రెస్ట్ పంపితె నోటిఫికేషన్ అమ్మ ఫోన్‌కే పోతది. అమ్మ ఆ యాప్ నాకంటె ఎక్కువ చూస్తది, సీరియల్ బ్రేక్‌ల గుడ. కాబట్టి ప్లాన్ క్యాన్సిల్.

---

డాలస్_బాబాయ్:

హహ, ఇక్కడ కూడా ఇదే సర్కస్. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల మహాసభలకి వెళ్తే ఒకపక్క సాహిత్య సభ, ఒకపక్క బిర్యానీ లైను, ఇంకోపక్క హాల్లో పెళ్ళీడు పిల్లలకి మ్యాట్రిమోనీ మీట్. తల్లిదండ్రులు బయట తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూస్తూ ఉంటారు. లోపల పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసి "నిన్ను హింజ్‌లో చూశాను కదా" అని నవ్వుకుంటారు, మా అన్న కూతురు చెప్పింది ఇది. కొందరు దిల్ మిల్‌లో ఉంటారు, అది మన దక్షిణాసియా వాళ్ళకోసమే పెట్టిన డేటింగ్ యాప్. అక్కడ అబ్బాయిలకి మొదటి ప్రశ్న ఇంటిపేరు కాదు, వీసా. "హెచ్1బీనా, గ్రీన్ కార్డా, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అయిందా". అదొక కొత్త కులం అనుకోండి.

---

బెజవాడ_అమ్మాయి:

@కరీంనగర్_పోరడు మీ అమ్మాయి సూపర్, నాకు నచ్చేసింది. నల్గొండ అన్న చెప్పిన ఇంటిపేరు విషయం మాత్రం వంద శాతం నిజం, నా చాట్లలో కూడా చూశాను, మా వాళ్ళు అడిగేవాళ్ళే ఎక్కువ, అది ఒప్పుకోవాలి.

ఒకటి మాత్రం చెప్తా, అబద్ధమే చెప్పాలని డిసైడ్ అయితే కనీసం ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పండి. మా కజిన్ పెళ్ళిలో ప్రీవెడ్డింగ్ వీడియో తీసేవాడు ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి "మీ ఫస్ట్ మీటింగ్ చెప్పండి" అన్నాడు. వీడేమో కాలేజ్ ఫెస్ట్ అన్నాడు, అదేమో ఆఫీస్ క్యాంటీన్ అంది. వాడు ఎడిట్ చెయ్యకుండా రెండూ పక్కపక్కన పెట్టి సంగీత్‌లో పెద్ద ఎల్‌ఈడీ తెర మీద వేశాడు. మా పెద్దత్త అక్కడికక్కడే "ఫెస్టా? ఈ పిల్ల చదివింది కాకినాడ, వాడు చదివింది చెన్నై" అని గట్టిగా లెక్కలేసింది. డీజే వాడు పాట పెట్టి కాపాడాడు.

మాస్టారుగారి ఐడియానే బెస్ట్. మేనమామ నంబర్ ఇవ్వడం అన్నది ఎవరికీ తట్టదు.

---

కరీంనగర్_పోరడు:

అప్‌డేట్ ఇస్తున్న. మొన్న ఆదివారం ఇంటికి పోయిన. తను ఓకే అన్నది, "మీ అమ్మకి చెప్పు, కానీ మా ఇంట్లో నేను చెప్పేదాకా మీ పిన్నివాళ్ళ దాకా పోకూడదు" అని ఒక్క కండిషన్ పెట్టింది. మాస్టారు సార్ చెప్పినట్టు ముందుగాల వాళ్ళ మేనమామ నంబర్ నాన్నకు ఇచ్చిన, ఆయన తాడేపల్లిగూడెంల ఎరువుల దుకాణం నడిపిస్తడు. నాన్న అటు ఇటు తిరిగి, చెప్పులేసుకొని బయటికి పోయి ఫోన్ చేసిండు, వచ్చినంక "మాట మంచిగనే ఉంది, యూరియా రేటు గురించి చానసేపు మాట్లాడినం" అన్నడు. పెండ్లి ముచ్చట ఎంతసేపు మాట్లాడిన్రో నాకు తెల్వదు.

అమ్మకు వంటింట్ల చెప్పిన. చిక్కుడుకాయ ఈనెలు తీస్తాంది. "అమ్మా, నువ్వు పెట్టిన యాప్ అసుంటిదే ఇంకోటి ఉంటది, దాంట్ల మనమే మాట్లాడుకోవాలె, పెద్దోళ్ళు ఉండరు, దాంట్ల పరిచయమైంది" అన్న. ఏడుస్తదేమో, తిడ్తదేమో అని గోడకు ఆనుకొని నిలవడ్డ. జరసేపు ఏం అనలె. తర్వాత "పైసలు కట్టినవా దానికి?" అన్నది. లేదమ్మా ఫ్రీ అన్న. "నేను కట్టిన గదరా ఏడాదికి, ప్యాకేజీ అని, ఒక్కటన్న కుదరలె" అని మస్తు ఫీలైంది. "మరి ఫొటో ఏది పెట్టినవ్? నేను పెట్టిన స్టూడియో ఫొటోనే పెట్టినవా?" అన్నది. కాదు, గోవాల దిగింది అన్న. చూపెట్టుమన్నది, చూసి "గీ బనీను మీద ఉన్న ఫొటో చూసి ఒప్పుకుందా ఆ పిల్ల" అన్నది.

ఇంక తను వాళ్ళ నాన్నకు చెప్పుడు మిగిలింది, ఆయనది వేరే లెవెల్ అంట. అది గుడ అయితే రాస్త.